స్టాక్ లేని ఆడియో డాక్ బోర్డుకు బదులు, అంతకంటే చిన్నది మీరే చేసుకోవడం ఎలా?

రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతంత కంప్యూటర్‌కు తగిలించే ఊదా రంగు డాక్ బోర్డు (డిజిటల్ పాటను ఆంప్లిఫయర్‌కు పనికొచ్చే సిగ్నల్‌గా మార్చే చిన్న బోర్డు) ఎక్కడ దొరుకుతుందని అడిగేవాళ్లు తగ్గడం లేదు. ప్రాజెక్టు చేసే తిరుపతి కాలేజీ పిల్లలు అడుగుతారు. భజన మందిరంలో తెల్లవారుజామున కీర్తనలు వాటంతటవే మోగే పెట్టె కావాలని చిత్తూరు వైపు వాళ్లు అడుగుతారు. తాతల నాటి రేడియో డబ్బాలో కొత్త ప్లేయర్ దూర్చాలనుకునేవాళ్లు మరీ ఎక్కువ. ఆన్‌లైన్‌లో వెతికితే ఒక్కోసారి స్టాక్ లేదని వస్తుంది. ఒకవేళ దొరికినా డబ్బాలో పట్టదు.

బోర్డు స్టాక్ లేనంత మాత్రాన దాని మీద ఉండే చిప్ కూడా లేదని కాదు. ఆ బోర్డులో అసలు పని చేసేది టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్ల పీసీఎం5102ఏ అనే ఒక్క చిప్పే. డిజిటల్ పాటను ఆంప్లిఫయర్‌కు ఇచ్చే సిగ్నల్‌గా మార్చేది అదే. మిగతావన్నీ దానికి కావలసిన కెపాసిటర్లు, రెసిస్టర్లు, 5 వోల్టులను నిలకడైన 3.3 వోల్టులుగా మార్చే ఒక రెగ్యులేటర్. ఇవి పెట్టి 20 × 16 మి.మీ. బోర్డు గీయొచ్చు. ఊదా బోర్డు పొడవు సుమారు 32 మి.మీ. అసలు లాభం పొడవులో కంటే మందంలో ఉంది. ఎత్తుగా ఉండే ఇయర్‌ఫోన్ జాక్ పోతే బోర్డు రాస్ప్‌బెర్రీ కింద సందులో కూడా దూరుతుంది.

మొదలుపెట్టే ముందు ఇంకో సంగతి. మీకు స్పీకర్ నేరుగా మోగితే చాలు, స్టీరియో అక్కర్లేదంటే ఇదంతా వద్దు. మ్యాక్స్98357ఏ చిప్ ఉన్న రెడీమేడ్ బోర్డు కొనుక్కోండి, ఆంప్లిఫయర్ దాంట్లోనే ఉంటుంది. ఇక్కడ చెప్పేది విడిగా ఆంప్లిఫయర్ ఉండి, దానికి శుభ్రమైన స్టీరియో సిగ్నల్ కావాలనుకునేవాళ్లకు.

కావలసినవి

పీసీఎం5102ఏ చిప్, టీఎస్‌ఎస్‌ఓపీ-20 ప్యాకేజీలో (రెండు వైపులా పదేసి కాళ్లుండే సన్నటి ఆకారం). 3.3 వోల్టుల ఎల్‌పీ5907 రెగ్యులేటర్, 5 కాళ్ల ఎస్‌ఓటీ-23 అనే చిన్న ప్యాకేజీలో. 0603 సైజు (కాళ్లు లేకుండా నేరుగా బోర్డుకు అంటించే నలుసంతవి) కెపాసిటర్లు: 0.1 మైక్రోఫ్యారడ్‌వి 4, 2.2 మైక్రోఫ్యారడ్‌వి 4, 1 మైక్రోఫ్యారడ్‌ది 1, 10 మైక్రోఫ్యారడ్‌ది 1, 2.2 నానోఫ్యారడ్‌వి 2. రెసిస్టర్లు: 470 ఓమ్‌లవి 2, 10 కిలోఓమ్‌లది 1. అన్నీ కలిపి 17. ప్రతిదీ రెట్టింపు తెచ్చుకోండి, తుమ్మితే ఎగిరిపోయే సైజు ఇవి.

పనిముట్లు: సన్నటి బిట్ ఉన్న సోల్డరింగ్ ఐరన్, 63/37 లెడ్ (తగరం, సీసం కలిసిన సోల్డర్ తీగ), సోల్డర్ బాగా పట్టేలా చేసే జెల్ ఫ్లక్స్, ఎక్కువైన సోల్డర్‌ను పీల్చే రాగి విక్, ట్వీజర్, భూతద్దం, మల్టీమీటర్. కంప్యూటర్‌లో బోర్డులు గీసే కైక్యాడ్ సాఫ్ట్‌వేర్, అది ఉచితం.

తిరుపతిలో టీవీ, మిక్సీ రిపేరు సామాను అమ్మే షాపుల్లో కాళ్లున్న కెపాసిటర్లు అడిగినన్ని ఇస్తారు గానీ 0603 సైజు చిల్లరగా దొరకడం కష్టం. రేణిగుంట చుట్టూ ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలు ఉన్నాయి కదా అని ఆశపడకండి, అక్కడ ఎవరూ చిల్లర అమ్మరు. చెన్నై మౌంట్ రోడ్డు పక్కనున్న రిచీ స్ట్రీట్‌కు వెళ్లండి, లేదా ఆన్‌లైన్‌లో తెప్పించుకోండి. చిత్తూరు వాళ్లకు బెంగళూరు ఎస్పీ రోడ్డు కూడా అనుకూలమే.

1. చిప్ చేతికి వచ్చాకే గీయడం మొదలుపెట్టండి

ఎక్కువ మంది ముందు బోర్డు గీసి, ఆర్డర్ కూడా ఇచ్చేసి, ఆ తర్వాత చిప్ వెతుకుతారు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు. 2020 అక్టోబరులో జపాన్‌లో ఆడియో చిప్‌లు చేసే ఏకేఎం కంపెనీ ఫ్యాక్టరీ తగలబడితే, వాళ్ల చిప్‌ల చుట్టూ గీసిన ఆడియో బోర్డులు చాలా ఆగిపోయాయి. పెద్ద కంపెనీలే డిజైన్లు మార్చుకోవాల్సి వచ్చింది.

పీసీఎం5102ఏ దొరకకపోతే పీసీఎం5101ఏ, పీసీఎం5100ఏ తీసుకోవచ్చు. పిన్నులు అవే, బోర్డు మార్చక్కర్లేదు. సిగ్నల్‌కూ రొదకూ ఉండే తేడా మాత్రం 112 డెసిబెల్స్ నుంచి 106కు, 100కు తగ్గుతుంది. భజన మందిరం స్పీకర్‌లో ఆ తేడా ఎవరికీ వినపడదు. పీసీఎం5122 మాత్రం వేరు, దానికి 28 కాళ్లు. పేరు దగ్గరగా ఉందని కొనకండి.

మరీ చవగ్గా అమ్మే చోట పాత చిప్ మీద కొత్త పేరు అచ్చేసినవి కూడా వస్తుంటాయి. పైన అక్షరాలు గోటితో గీకితే చెరిగిపోతుంటే అనుమానించండి.

2. ఏం తీసేయాలో రాసుకోండి

చిన్న బోర్డు అంటే పార్టులను ఇరికించడం అనుకుంటారు. కాదు, అక్కర్లేనివి తీసేయడం. ఊదా బోర్డు ఎవరికైనా పనికొచ్చేలా చేసింది. దాని వెనక 4 జంపర్లు (సోల్డర్‌తో కలిపి సెట్టింగు మార్చుకునే చోట్లు), ముందు పక్క ఇంకొకటి ఉంటాయి. మన పని ఒక్కటే కాబట్టి ఆ సెట్టింగులన్నీ రాగి గీతలతోనే శాశ్వతంగా పెట్టేస్తాం. జాక్ తీసేసి మూడు రంధ్రాలు పెడతాం: ఎడమ, గ్రౌండ్, కుడి.

తీయకూడనివి రెండున్నాయి. రెగ్యులేటర్ తీసేసి రాస్ప్‌బెర్రీ 3.3 వోల్టులనే వాడుకుందామని చాలామందికి అనిపిస్తుంది. పాట వస్తుంది గానీ వెనకాల ప్రాసెసర్ సన్నటి రొద కూడా వస్తుంది. అవుట్‌పుట్ దగ్గరి 470 ఓమ్‌లు, 2.2 నానోఫ్యారడ్ జంట కూడా ఉండాలి. అది చెవికి వినపడే పాటను ముట్టుకోదు, సుమారు 154 కిలోహెర్ట్జ్ పైన ఉండే చెత్తను ఆపుతుంది.

3. సర్క్యూట్ గీయండి

ఎవరి బోర్డూ చూసి కాపీ కొట్టక్కర్లేదు. చిప్ డేటాషీట్‌లోనే (కంపెనీ ఇచ్చే వివరాల పత్రం) సర్క్యూట్ ఉంది. పక్కన తెరిచి పెట్టుకుని పిన్ నంబర్ల ప్రకారం వెళ్లండి.

1, 8, 20: 3.3 వోల్టులు. ఒక్కోదాని నుంచి గ్రౌండ్‌కు 0.1 మైక్రోఫ్యారడ్. 1, 8 దగ్గర అదనంగా 2.2 మైక్రోఫ్యారడ్ ఒక్కొక్కటి.
3, 9, 19: గ్రౌండ్.
2, 4: ఈ రెండింటి మధ్య 2.2 మైక్రోఫ్యారడ్.
5: గ్రౌండ్‌కు 2.2 మైక్రోఫ్యారడ్. చిప్ తనే తయారుచేసుకునే మైనస్ వోల్టేజ్ ఇక్కడ ఉంటుంది.
6, 7: ఎడమ, కుడి అవుట్‌పుట్. ఒక్కోదానికి వరసగా 470 ఓమ్‌లు, ఆ తర్వాత గ్రౌండ్‌కు 2.2 నానోఫ్యారడ్.
10, 11, 12, 16: నేరుగా గ్రౌండ్.
13: బిట్ క్లాక్ (ఒక్కో బిట్‌కు తాళం వేసే సిగ్నల్). 14: డేటా, అంటే పాట. 15: ఎడమ-కుడి క్లాక్ (వచ్చేది ఎడమదో కుడిదో చెప్పేది).
17: 10 కిలోఓమ్‌ల ద్వారా 3.3 వోల్టులకు. దీన్ని గ్రౌండ్ చేస్తే మ్యూట్ అవుతుంది కాబట్టి ఒక రంధ్రం కూడా ఇవ్వండి.
18: గ్రౌండ్‌కు 0.1 మైక్రోఫ్యారడ్, అంతే.

ఇందులో జనం తప్పు చేసేవి రెండు పిన్నులు. 12వ పిన్ సిస్టమ్ క్లాక్‌ది. మనం ఆ క్లాక్ ఇవ్వం కదా అని గాల్లో వదిలేస్తారు. దాన్ని గ్రౌండ్‌కు కలిపితేనే చిప్ లోపలి పీఎల్ఎల్ (ఒక క్లాక్ నుంచి ఇంకో క్లాక్ చేసే భాగం) బిట్ క్లాక్ నుంచి తన క్లాక్ తయారుచేసుకుంటుంది. వదిలేస్తే ఒకరోజు పాడుతుంది, ఇంకోరోజు గమ్మునుంటుంది. ఊదా బోర్డుల్లో కూడా ఆ జంపర్ సోల్డర్ చేయక ‘బోర్డు పాడైంది’ అనుకున్నవాళ్లు బోలెడుమంది. రెండోది 18. పేరు చూసి కరెంటు పిన్ అనుకుని 3.3 వోల్టులకు కలిపేస్తారు. అది చిప్ లోపల తయారయ్యే 1.8 వోల్టులు బయటికి వచ్చే చోటు, దానికి కెపాసిటర్ తప్ప ఇంకేదీ కలపకూడదు.

రెగ్యులేటర్‌కు 5 వోల్టుల వైపు 10 మైక్రోఫ్యారడ్, 3.3 వోల్టుల వైపు 1 మైక్రోఫ్యారడ్. దాన్ని ఆన్‌లో ఉంచే ఎనేబుల్ పిన్ 5 వోల్టులకే కలపండి. ‘ఇంకా క్లీన్‌గా ఉంటుంది’ అని 3.3 వైపు పెద్ద కెపాసిటర్లు పేర్చకండి. ఎల్‌పీ5907 మొత్తం 10 మైక్రోఫ్యారడ్ దాకానే తట్టుకునేలా చేసిన రెగ్యులేటర్, ఆపైన స్థిరంగా ఉంటుందన్న హామీ లేదు. దానికి 5.5 వోల్టులకు మించి ఇవ్వకూడదు కూడా.

కెపాసిటర్ల రకం చూడండి. 2.2 నానోఫ్యారడ్‌వి సీ0జీ రకమే కావాలి, పాట సిగ్నల్ నేరుగా వాటి మీద పడుతుంది. మిగతావి ఎక్స్7ఆర్ లేదా ఎక్స్5ఆర్, 10 వోల్టులకు తగ్గకుండా. వై5వీ అని ఉన్నవి ఊరికే ఇచ్చినా వద్దు.

4. లేఅవుట్: ఇక్కడ తొందరపడకండి

రెండు పొరలు చాలు. పార్టులన్నీ పై పొరలో, కింది పొర మొత్తం గ్రౌండ్. కింది పొరలో గీతలు లాగి ఆ గ్రౌండ్‌ను ముక్కలు చేయకండి. అనలాగ్ గ్రౌండ్ వేరు, డిజిటల్ గ్రౌండ్ వేరు అని విడగొట్టమనే పాత సలహా ఇంకా తిరుగుతోంది. ఇంత చిన్న బోర్డుకు అది మేలు కంటే చేటు. గ్రౌండ్ ఒక్కటే ఉంచి, పార్టులను సరైన పక్కన పెట్టండి.

ఆ పక్కలు చిప్పే చెబుతుంది. 1 నుంచి 10 దాకా ఒక వైపు, అది అనలాగ్ వైపు. 11 నుంచి 20 దాకా రెండో వైపు, అది డిజిటల్. రాస్ప్‌బెర్రీ నుంచి వచ్చే 6 రంధ్రాల వరస (5 వోల్టులు, గ్రౌండ్, బిట్ క్లాక్, డేటా, ఎడమ-కుడి క్లాక్, మ్యూట్) డిజిటల్ అంచున, ఆంప్లిఫయర్‌కు వెళ్లే మూడూ ఎదురు అంచున పెట్టండి. 13, 14, 15 పక్కపక్కనే ఉన్నాయి, రంధ్రాల వరస కూడా అదే క్రమంలో పెడితే గీతలు ఒకదాన్నొకటి దాటవు. ఇంకో సౌకర్యం ఉంది. గ్రౌండ్ కావాల్సిన 9, 10 ఒక వైపు చివర, 11, 12 వాటికి సరిగ్గా ఎదురుగా ఉన్నాయి. ఆ నాలుగింటినీ చిప్ పొట్ట కింద ఒకే రాగి ముక్కతో కలిపి కిందికి వయాలు (పై పొరను కింది పొరకు కలిపే చిన్న రంధ్రాలు) దించేయండి.

కెపాసిటర్లు పొయ్యి పక్కన పోపు డబ్బాలా పిన్ పక్కనే ఉండాలి. ముందు 2, 4 మధ్యది పెట్టండి, తర్వాత 5 దగ్గరిది, ఆ తర్వాతే మిగతావి. మొదటి రెండూ సెకనుకు లక్షల సార్లు నిండి ఖాళీ అయ్యేవి, గీత పొడవైతే ఆ రొద అవుట్‌పుట్‌లోకి దూరుతుంది. 3వ పిన్‌కు పక్కనే వయా వేయండి. 0.1 మైక్రోఫ్యారడ్‌వి పిన్‌కు మరీ దగ్గరగా, 2.2వి వాటి వెనక. జాగా చాలక 0.1ది బోర్డు ఇంకో మూలకు తోసేస్తే దాన్ని పెట్టనట్టే.

గీతలు 0.2 మి.మీ., కరెంటు గీతలు 0.4. వయా రంధ్రం 0.3. ఈ కొలతలు ఏ పీసీబీ (బోర్డులు అచ్చువేసే) కంపెనీ అయినా మామూలు రేటుకే చేస్తుంది. ఇంకా సన్నగా వెళ్తే ధర పెరుగుతుంది, మీకు కలిసొచ్చేది లేదు.

1వ పిన్ గుర్తు పార్టు కింద దాక్కోకుండా బయటికి కనిపించేలా అచ్చు వేయించండి. రంధ్రాల పేర్లు కూడా. ఆరు నెలల తర్వాత ఏది 5 వోల్టులో గుర్తుండదు.

5. కాగితం మీద అచ్చు తీసి చూడండి

కైక్యాడ్‌లో తప్పుల తనిఖీ రెండూ, అంటే సర్క్యూట్‌దీ బోర్డుదీ నడిపి సున్నా చూపించాక, బోర్డును అసలు సైజులో ప్రింట్ తీయండి. ప్రింటర్ సెట్టింగులో ‘పేజీకి సరిపెట్టు’ అనేది తీసేయాలి, లేకపోతే కొలత మారిపోతుంది. స్కేలు పెట్టి 20 మి.మీ. వచ్చిందో లేదో చూసి, కాగితం మీద అసలు చిప్, రెగ్యులేటర్, హెడర్ పిన్నులు పెట్టండి. చిప్ కాళ్ల మధ్య దూరం 0.65 మి.మీ., ఇరవై కాళ్లూ ప్యాడ్ల మీద కూర్చోవాలి.

రెగ్యులేటర్ బదులు వేరేది పెడుతుంటే ఇక్కడే ఆగి దాని డేటాషీట్ చూడండి. ఎస్‌ఓటీ-23లో చూడ్డానికి అన్నీ ఒకేలా ఉంటాయి, కాళ్ల క్రమం మాత్రం కంపెనీని బట్టి వేరుగా ఉండొచ్చు. దొరికిన సింబల్‌ను నమ్మి గీసిన బోర్డుల్లో ఎక్కువ చచ్చేది ఈ మూల దగ్గరే.

6. ఆర్డర్

కైక్యాడ్ ఇచ్చే గెర్బర్ ఫైళ్లు (ఒక్కో పొర బొమ్మ), డ్రిల్ ఫైలు (రంధ్రాల చోట్లు) జిప్ చేసి పంపాలి. డ్రిల్ ఫైలు మరిచిపోతే రంధ్రాలు లేని బోర్డు వస్తుంది. పంపే ముందు గెర్బర్ వ్యూయర్‌లో ఒకసారి తెరిచి అక్షరాలు తిరగబడలేదని చూసుకోండి. బయటి దేశానికి ఆర్డర్ ఇస్తే కస్టమ్స్, కేవైసీ తలనొప్పి ఉంటుంది. బెంగళూరు, గుజరాత్ కంపెనీలు కొంచెం ఖరీదైనా, కాలేజీ రివ్యూ తేదీ దగ్గర పడినవాళ్లకు టెన్షన్ తక్కువ. మందం 1.6 బదులు 0.8 మి.మీ. అడిగితే సందులో పెట్టేవాళ్లకు బాగుంటుంది.

7. సోల్డరింగ్

చిప్ మొదట. ప్యాడ్ల మీద ఫ్లక్స్ రాసి, 1వ పిన్ చుక్క సరిచూసి, ఎదురెదురు మూలల్లో ఒక్కో కాలు అంటించండి. భూతద్దంలో చూసి అన్నీ వరసగా ఉన్నాయనుకున్నాకే మిగతా కాళ్లు. బిట్ మీద కొంచెం లెడ్ తీసుకుని కాళ్ల వెంట మెల్లగా లాగండి. రెండు కాళ్లు అతుక్కుంటే కంగారు పడొద్దు, ఇంకొంచెం ఫ్లక్స్ వేసి విక్‌తో పీల్చండి. 63/37 లెడ్‌కు ఐరన్ 330 డిగ్రీల దగ్గర పెడితే చాలు.

0603 సిరామిక్ కెపాసిటర్ల మీద విలువ అచ్చు ఉండదు. 0.1, 2.2 కలిసిపోయాయంటే చూసి చెప్పలేరు. ఒక విలువ తీసి, ఆ విలువవన్నీ అంటించి, మిగిలినవి ప్యాకెట్లో పెట్టాకే రెండో ప్యాకెట్ తెరవండి. ఫ్యాన్ ఆపేయండి. తిరుపతి మే నెలలో అది చిన్న త్యాగమేమీ కాదని తెలుసు, పొద్దున్నే చేసుకోండి. సోల్డర్ పేస్టు రాసి హాట్ ఎయిర్ (వేడి గాలి) తో చేసేవాళ్లు పేస్టును ఫ్రిజ్‌లో పెట్టాలి. మన ఎండలకు షెల్ఫ్ మీద వదిలేసిన పేస్టు ఎండిపోయి గుండ్లు గుండ్లుగా మిగులుతుంది.

8. పరీక్ష: రాస్ప్‌బెర్రీ తగిలించకముందే

కరెంటు ఇవ్వకుండా మల్టీమీటర్‌తో 5 వోల్టులు-గ్రౌండ్, 3.3 వోల్టులు-గ్రౌండ్ చూడండి. బీప్ మోగిందంటే షార్ట్ ఉంది. తర్వాత 13-14, 14-15, 17-18 పక్క కాళ్ల మధ్య చూడండి. 9-10, 11-12 మధ్య బీప్ రావడం మామూలే, మనమే కలిపాం.

ఇప్పుడు 5 వోల్టులు మాత్రం ఇవ్వండి. వీలైతే 100 మిల్లీఆంపియర్లకు పరిమితి పెట్టిన సప్లైతో. రెగ్యులేటర్ అవుట్‌పుట్‌లో 3.3, 18వ పిన్ దగ్గర సుమారు 1.8 వోల్టులు రావాలి. వేలు పెడితే చిప్ కాలుతోందంటే తీసేయండి, తిరగేసి అంటించి ఉంటారు.

9. పాట పెట్టి చూడండి

రాస్ప్‌బెర్రీ 40 పిన్నుల వరసలో 2 నుంచి 5 వోల్టులు, 39 నుంచి గ్రౌండ్, 12 నుంచి బిట్ క్లాక్, 35 నుంచి ఎడమ-కుడి క్లాక్, 40 నుంచి డేటా. మ్యూట్ రంధ్రం ఖాళీగా వదిలేయండి. వైర్లు జానెడు కంటే తక్కువ ఉంచండి. 44.1 కిలోహెర్ట్జ్ పాటకు ఫ్రేముకు 64 బిట్ల లెక్కన బిట్ క్లాక్ 2.8 మెగాహెర్ట్జ్ దాటుతుంది, పొడవు వైర్లలో అది చెదిరిపోతుంది.

రాస్ప్‌బెర్రీ కాన్ఫిగ్ ఫైల్‌లో (config.txt) హైఫైబెర్రీ-డాక్ ఓవర్‌లే లైను (dtoverlay=hifiberry-dac) చేర్చి, మామూలు ఆడియో ఆన్ చేసే లైను (dtparam=audio=on) ముందు హ్యాష్ గుర్తు పెట్టి రీబూట్ చేయండి. కొత్త ఓఎస్‌లో ఆ ఫైల్ బూట్ లోపలి ఫర్మ్‌వేర్ ఫోల్డర్‌లో ఉంటుంది. పాత గైడ్లు చూసి బూట్‌లోనే వెతికి మార్చి, ఏమీ జరగలేదనేవాళ్లు చాలామంది.

ఆడాసిటీ అనే ఆడియో సాఫ్ట్‌వేర్‌లో 200 హెర్ట్జ్ టోన్, ఆంప్లిట్యూడ్ 0.5తో ఒక వేవ్ ఫైల్ చేసి నడపండి. ఆంప్లిఫయర్ ఇంకా తగిలించకండి. మీటర్ ఏసీలో పెట్టి ఎడమ-గ్రౌండ్ మధ్య చూస్తే 1 వోల్టు చుట్టుపక్కల రావాలి, కుడి కూడా అంతే. (పూర్తి ఆంప్లిట్యూడ్‌కు 2.1 వోల్టులు.) టోన్ నడుస్తుండగానే చిప్ 5వ పిన్ దగ్గర డీసీలో మైనస్ 3.3 దరిదాపుల్లో ఉండాలి. ఆఖరుగా రెండు అవుట్‌పుట్‌ల డీసీ దాదాపు సున్నా ఉండాలి. అక్కడ వోల్టు, రెండు వోల్టులు కనిపిస్తే ఆంప్లిఫయర్ తగిలించొద్దు. చిప్ 2, 4, 5 పిన్నుల దగ్గరి కెపాసిటర్లు మళ్లీ అంటించండి.

అడిగే సమస్యలు

రాస్ప్‌బెర్రీలో డివైస్ కనిపిస్తోంది, శబ్దం లేదు: చిప్ 17వ పిన్ చూడండి. 3.3 లేకపోతే మ్యూట్‌లో ఉంది. అది బాగుంటే చిప్ 12వ పిన్ నిజంగా గ్రౌండ్‌కు తగిలిందా చూడండి.

పాటకు బదులు బరబర: రెండు క్లాక్ వైర్లు తారుమారయ్యాయి, లేదా చిప్ 16వ పిన్ గ్రౌండ్ కాలేదు.

వాల్యూమ్ మీట కనిపించట్లేదు: ఈ చిప్‌లో వాల్యూమ్ కంట్రోల్ లేదు. ప్లేయర్ సాఫ్ట్‌వేర్‌లో తగ్గించుకోవాలి, లేదా ఆంప్లిఫయర్ దగ్గర.

హెడ్‌ఫోన్ పెడితే నీరసంగా ఉంది: ఇది 1 కిలోఓమ్ కంటే తక్కువ లోడుకు చేసింది కాదు. మధ్యలో ఆంప్లిఫయర్ ఉండాల్సిందే.

మైక్ సెట్‌కు తగిలించగానే ‘హమ్మ్’: ముందు రాస్ప్‌బెర్రీని పవర్ బ్యాంక్ మీద నడిపి చూడండి. హమ్ పోతే తప్పు మీ బోర్డుది కాదు, చార్జర్‌కూ ఆంప్లిఫయర్‌కూ మధ్య గ్రౌండ్ లూప్ (రెండు దారుల్లో గ్రౌండ్ కలిసి చుట్టు ఏర్పడడం). రెండింటినీ ఒకే స్విచ్ బోర్డు నుంచి నడిపితే చాలాసార్లు తగ్గుతుంది. తగ్గకపోతే మధ్యలో 1:1 ఆడియో ట్రాన్స్‌ఫార్మర్ పెట్టండి. ఆంప్లిఫయర్ ప్లగ్ ఎర్త్ పిన్ తీసేస్తే హమ్ పోతుందని మైక్ సెట్ వాళ్లలో కొందరు చెబుతారు, నిజంగానే పోతుంది కూడా. ఆ పని మాత్రం చేయకండి. మైకు పట్టుకునేది మనిషి.